వీసాల దొరవారికి ఇబ్రహీంపట్నం నుంచి

మహారాజశ్రీ అమెరికా వీసాల దొరవారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి దయవల్ల, డాలస్‌లో ఉండాల్సిన మా పెద్దోడు కూడా ఇక్కడే క్షేమం. చెల్లె పెండ్లికని వచ్చాడు, పనిలో పనిగా వీసా స్టాంపింగ్ చేయించుకుని పోతానన్నాడు. పందిరి విప్పేలోపే మెయిల్ వచ్చింది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ వాళ్ల సోషల్ మీడియా అంతా జల్లెడ పడతారట. అందుకని అపాయింట్‌మెంట్ ఎండాకాలంలోకి తోసేశారు. వాడి ఫేస్‌బుక్‌లో ఏముందండీ అంతగా చూడ్డానికి? నాలుగు బతుకమ్మ ఫొటోలు, మా పెరట్లో మామిడిచెట్టు. ఒక్క పూట చాలదా? ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో అయిపోయే పని, దాన్నీ అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎత్తేస్తిరి.

రాత్రంతా మేడ మీది గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. తెల్లారి కన్ను మూతపడే వేళకు డాలస్ నుంచి వీడియోకాల్. చిన్నోడు ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని ఒకటే అడుగుతాడు, ఎప్పుడొస్తవ్ డాడీ అని. పెద్దచెరువు కట్ట మీద నడకకు పోతే ఊళ్లోవాళ్లు నన్ను అడిగేది వేరు: "ఏంది సారూ, కొడుకు నౌకరి పోయిందా?"

గ్రీన్‌కార్డు ఉంటే ఈ స్టాంపింగ్ గోలే లేదు. దానికోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఎప్పుడో అప్రూవ్ అయింది. వరసలో వాడి చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2015 ఫిబ్రవరి. 2022 ఆగస్టులో మీ వీసా బులెటిన్‌లో మా దేశం వాళ్ల ఈబీ-2 వరస తేదీ 2014 డిసెంబర్ 1 దాకా వచ్చింది. ఇంకేముంది, రెండు నెలల్లో అయిపోయినట్టే అనుకున్నాం. అక్టోబర్‌లో 2012కు పోయింది. మరుసటి ఏప్రిల్‌కు 2011 జనవరి! అప్పటికి వాడింకా విమానమే ఎక్కలేదండీ.

మా జిల్లాలోనే, చిలుకూరులో, వీసా దేవుడున్నాడు. మొక్కుకుంటే 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108. ఆయన లెక్క ఏనాడూ వెనక్కి పోలేదు.

ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా 1,40,000, ఏ దేశానికీ 7 శాతం దాటకూడదు అని 1990లో చట్టం రాసుకున్నారు. నాలుగు లక్షల మంది కూడా లేని ఐస్‌లాండ్‌కూ అంతే, మాకూ అంతే. జీతంలోంచి పన్ను కోసేటప్పుడు మాత్రం ఏ దేశంలో పుట్టావని అడగరు.

మనుమరాలి సంగతి ఎవరికి చెప్పుకోను? ఈ ఊళ్లోనే పుట్టింది, అయిదేళ్లప్పుడు తీసుకుపోయాడు. 21 నిండితే తండ్రి గ్రీన్‌కార్డు వరసలోంచి దాన్ని తీసేస్తారట. ఇంకెక్కడికి పోతుంది ఆ పిల్ల? తెలుగు చదవడం కూడా రాదు.

అయ్యా, వెటకారంగా రాద్దామని కూర్చున్నాను, చాత కావట్లేదు. గ్రీన్‌కార్డు మీరు ఇచ్చినప్పుడే ఇవ్వండి. ఆ అపాయింట్‌మెంట్ ఒక్కటి ముందుకు జరపండి. వాణ్ని పిల్లల దగ్గరికి పోనివ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా