నోటుకు ఉంది, ఓటుకు ఉంది, మాత్రకే లేదు

మన సర్కారు లెక్కలో చూపులేని పౌరుడు డబ్బు ఖర్చుపెడతాడు, ఓటేస్తాడు. జబ్బు మాత్రం పడడు.

నమ్మకపోతే జేబులో చెయ్యి పెట్టి చూడండి. వంద నోటు అంచున నాలుగు ఉబ్బెత్తు గీతలు, ఐదువందల నోటుకు ఐదు. తడిమితే వేలికి తగులుతాయి. అదీ చాలదని 2020లో రిజర్వు బ్యాంకు ‘మణి’ అనే యాప్ తెచ్చింది. ఫోన్‌కు నోటు చూపిస్తే అది ఎంతదో పైకి చెబుతుంది. ఇక ఈవీఎం మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉండనే ఉన్నాయి. అవసరం సర్కారుదైనప్పుడు చుక్కలు వాటంతటవే మొలుస్తాయి.

ఆ ఐదువందలు పట్టుకుని ఇప్పుడు మెడికల్ షాపుకెళ్లమనండి. కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, షుగరు మాత్రలు ఆరు, బీపీవి ఆరు కత్తెరతో కత్తిరించి ఒకే కాగితం కవర్లో పడేస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కవరు మీద బాల్‌పెన్నుతో 1-0-1 అని గీకి, “పొద్దున తెల్లవి సార్, రాత్రికి గులాబీవి” అంటాడు. నల్లకళ్లద్దాల పెద్దాయన తలూపుతాడు. ఇంటికెళ్లి, ఏది తెల్లదో ఎవరినైనా అడిగి, షుగరు ముక్కకు ఒక రబ్బరు బ్యాండు, బీపీ ముక్కకు రెండు చుట్టుకుంటాడు. మధ్యలో జ్వరం వస్తే మూడు. ఆ రబ్బరు బ్యాండ్లే ఆయన ఆరోగ్య శాఖ.

షుగరు ముదిరితే రెటీనా దెబ్బతిని చూపు పోతుందని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. అంటే ఆ మాత్ర ఎవరికి తప్పనిసరో, దాని మీది అక్షరాలు వాళ్లకే కనబడవు.

అసలేమీ చేయలేదనడం మాత్రం అన్యాయం. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ అందులో ఉంటాయి. నకిలీ మందుల్ని పట్టడానికి పెట్టారు, మంచిదే. చూపులేనివారూ ఫోన్‌తో స్కాన్ చేసుకోవచ్చుగా అని ఏ అధికారైనా సెలవిస్తే, కళ్లు మూసుకుని ఆ నున్నటి రేకు మీద కోడ్ ఎక్కడుందో వెతికి పెట్టమనండి. అదీ కత్తెరకు బలికాకుండా మిగిలి ఉంటే.

అసలు తమాషా ఇంకొకటుంది. మందు డబ్బా మీద దాని పేరు బ్రెయిలీలో ఉండాలని ఐరోపా యూనియన్ 2004లోనే ఆదేశం తెచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వెళ్లే మందులకూ మినహాయింపు లేదు. మన నీళ్లు తాగి, మన కరెంటు వాడుకుని తయారైన బిళ్ల అక్కడి దుకాణానికి చేరేసరికి చుక్కల డబ్బాలో కూర్చుంటుంది. ఇక్కడ మన బస్టాండు ఎదుటి షాపుకొచ్చేసరికి చుక్కలు సరే, చాలాసార్లు డబ్బాయే ఉండదు.

ఇన్ని భాషల దేశంలో ఏ బ్రెయిలీ అచ్చేయాలండీ అన్నది మన వాళ్ల పాత సాకు. భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ 1951 నుంచే ఉంది. యాభై దాటాక చూపు పోయినవారికి బ్రెయిలీ రాదు కదా అన్నది మాత్రం నిజమైన మాట. అందుకే చుక్కలతో పాటు మాట్లాడే కోడూ కావాలి, దాని చుట్టూ వేలికి తగిలే గీతా కావాలి.

అందరూ వాడుకోగల వస్తువుల తయారీని ప్రభుత్వం ప్రోత్సహించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. సౌలభ్య ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగిలితే కుదరదు, తప్పనిసరి చేయాలని రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ఇంకా ఏ మందుతో ఈ ఫైలుకు కదలిక వస్తుందో ఆరోగ్య శాఖ వారే చీటీ రాసివ్వాలి.

అది రాసేలోగా మెడికల్ షాపు సోదరులకొక మనవి. చూపులేనివారు వస్తే స్ట్రిప్పు కత్తిరించకండి. రెండు మందులు రెండు కవర్లలో వేసి చేతికివ్వండి. రంగు చెప్పకండి, పేరు చెప్పండి.