బకెట్టు చప్పుడు

మళ్లీ వచ్చింది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి మా వాటా తలుపు పిడికి వేలాడుతోంది. అరచెయ్యంత చెక్కముక్క, పైన చీపురు బొమ్మ, కింద ‘కేర్‌వోహె’ అని ఒంపుల అక్షరాలు. చూడ్డానికి పుట్టినరోజు కార్డులా ముచ్చటగా ఉంటుంది. ఈ వారం ఈ మేడ మెట్లు, వీధి గుమ్మం, బయట కాలిబాట, కింద నేలమాళిగ మెట్లు ఊడ్చి తుడవాల్సిన వంతు మీదేనని దాని సందేశం. మాది అంటే ఎవరిదో తెలుస్తూనే ఉంది. మామగారికి మోకాళ్ల నొప్పులు. మా ఆవిడకి శనివారాలు డ్యూటీ. అత్తగారిది పర్యవేక్షణ. ఇక మిగిలింది ఇల్లరికపు అల్లుడు.

మాది గోదావరి జిల్లా. అక్కడ సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే వందల రకాల వంటకాలు బల్లలమీద పేర్చి, మధ్యలో ఆ అభాగ్యుణ్ణి కూర్చోబెట్టి, ఫోటో తీసి పేపర్లో వేయిస్తారు. నేను జర్మనీలో, ష్టుట్‌గార్ట్ పక్కన, నెకర్ నది ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి అల్లుణ్ణయ్యాను. వచ్చిన మొదటి శనివారం నా చేతిలో ఒక బ్రష్షూ, ఒక కుట్టర్‌షౌఫెలూ పెట్టారు. ఇక్కడివాళ్లు చెత్త ఎత్తే చేటని అలా అంటారు. ఫోటో ఎవరూ తియ్యలేదు కానీ, అదే సమయానికి మా అమ్మ వీడియో కాల్ చేసింది.

“ఏవిట్రా నీ చేతిలో?”

“వ్యాయామం, అమ్మా.”

“చేటతోనా?”

సిగ్నల్ బాగాలేదని పెట్టేశాను.

అద్దెకి ఇల్లు దొరికేదాకా అత్తవారింట్లో ఉందామని చేరాం. ఈ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరకడం కన్నా జర్మన్ అమ్మాయి దొరకడం తేలికని నా అనుభవం.

ఈ ఊడ్పు వారం ఎవరి బుర్రలో పుట్టిందా అని కసికొద్దీ ఆరా తీశాను. 1492లో ఎబర్‌హార్ట్ అని, గడ్డానికి పేరుపడ్డ ప్రభువు ఒకాయన, ష్టుట్‌గార్ట్ పౌరులు ఎవరి పెంట వాళ్లు వారం వారం ఊరి బయటికి మోసుకుపోవాలని శాసనం చేశాడట. అల్లాటప్పా మనిషి కాదు. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం పెట్టించింది కూడా ఆయనే, 1477లో. ఇందులో నన్ను కుదిపేసింది ఆ 1492. సరిగ్గా అదే ఏడాది కొలంబస్ ఇండియాని వెతుక్కుంటూ ఓడెక్కాడు. అంత సముద్రం ఈదినవాడికి ఒక్క ఇండియావాడూ దొరకలేదు. ఇంటిపట్టున కూర్చుని పెంట గురించి ఆలోచించినాయనకి, అయిదు శతాబ్దాలు ఆలస్యంగా అయితేనేం, నేను దొరికాను.

అయితే 1988లో ష్టుట్‌గార్ట్ నగరం ఈ నిబంధనని తన చట్టంలోంచి తీసేసింది. అప్పటి మేయరు మాన్‌ఫ్రెడ్ రోమెల్. ఎడారి యుద్ధాల ఫీల్డ్ మార్షల్ రోమెల్ కొడుకు. చట్టంలోంచి పోయిన చీపురు నేరుగా అద్దె ఒప్పందాల్లోకీ, అపార్ట్‌మెంట్ల కట్టుబాట్లలోకీ వచ్చి కూర్చుంది. యుద్ధవీరుడి కొడుకు వల్లే కానిది నావల్ల ఏమవుతుంది?

నిజం చెప్పాలంటే నా బాధ ఊడవడం గురించి కాదు. ఊడవడానికి అక్కడ ఏమీ ఉండదు. పోయిన వారం ఎదురు వాటావాళ్లు తుడిచారు, అంతకుముందు పైవాళ్లు తుడిచారు. ఈ మెట్లమీద భోంచెయ్యొచ్చు. లేని దుమ్ముని పైమెట్టు నుంచి కిందిమెట్టు దాకా భక్తిగా తోసుకొచ్చి, ఖాళీ చేటని రెండు చేతులతో పట్టుకుని, చెత్తడబ్బా దాకా వెళ్లి దులిపి రావాలి. ఇదంతా కింది వాటా పెద్దావిడ కిటికీ తెర వెనక నుంచి చూస్తుంది. తెర కదలదు. అయినా చూస్తుంది.

పోనీ ఎవరూ చూడని వేళ చేసేద్దామా అంటే ముహూర్తం కుదరదు. రాత్రి పది దాటితే నిశ్శబ్ద సమయం. ఆదివారం ఊసే ఎత్తకూడదు. ఆ రోజు గోడకి మేకు కొట్టినా, గడ్డి కోసినా, ఖాళీ సీసాలు వీధి తొట్టిలో వేసినా అప్రతిష్ఠే. ఓ శుక్రవారం మధ్యాహ్నం ఇంటినుంచే పనిచేస్తూ, మేడలో ఎవరూ లేనప్పుడు శుభ్రంగా కడిగేశాను. సాయంత్రం అత్తగారు నన్ను పక్కకి పిలిచి, మెట్లు బాగున్నాయి కానీ ఎవరికీ వినపడలేదు అన్నారు. బకెట్టు ప్రతి మెట్టుకీ తగిలి ఠంగుమనాలట. అప్పుడే మేడకంతటికీ మనశ్శాంతి. మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పారు. నేను తలూపాను.

చీపురు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఓ ఆదివారం మామగారు ద్రాక్షతోటల మధ్య షికారుకి తీసుకెళ్లారు. కొండ దిగువన ఒక ఇంటి గుమ్మం పైన చీపురు కట్టి ఉంది. దాని ముందు ఆగి, నావైపు చూసి, “వెళ్దామా?” అన్నారు. నా గుండె జారిపోయింది. సొంత మేడ చాలక ఊళ్లోవాళ్ల మెట్లకి కూడా ఒప్పుకున్నారా ఈయన! తీరా లోపలికెళితే పొడుగాటి బల్లలు, జనం, నవ్వులు, పిడి ఉన్న గ్లాసుల్లో పావు లీటరేసి ఎర్రటి ట్రోలింగర్ వైను. సొంతతోట వైనుని రైతు తన ఇంట్లోనే అమ్ముకునే రోజుల్లో గుమ్మానికి చీపురు కడతాడట. ఏడాదికి నాలుగు నెలలకి మించకూడదు, 40 మందికి మించి కూర్చోబెట్టకూడదు అని దానికో చట్టం. అంటే ఈ దేశంలో తలుపుకి చీపురు బొమ్మ తగిలిస్తే చాకిరీ, గుమ్మానికి నిజం చీపురు కడితే పండగ. మా ఊళ్లో గుమ్మానికి చీపురు కడితే ఆ ఇంటికి బంధువులు రావడం మానేస్తారు.

అక్కడితో అయిపోలేదు. రెండో గ్లాసు మీద మామగారు బ్రేమెన్ సంగతి ఎత్తారు. ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో, 30 ఏళ్లొచ్చినా పెళ్లికాని మగవాడి చేత పుట్టినరోజు నాడు పెద్ద చర్చి మెట్లు ఊడిపిస్తారు. స్నేహితులే చెత్త తెచ్చిపోస్తారు. ఓ కన్నెపిల్ల వచ్చి ముద్దుపెట్టేదాకా విముక్తి లేదు. నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అక్కడ పెళ్లి చేసుకోనివాడు ఊడుస్తాడు. అదీ ఒక్కరోజు, అదీ నిజం చెత్త, చివర్లో ముద్దు. నేను పెళ్లి చేసుకుని ఊడుస్తున్నాను. నాకు చెత్తా లేదు, గడువూ లేదు.

మా వైపు శాస్త్రాలు నేనూ చెప్పి చూశాను. దీపాలు పెట్టాక ఊడవకూడదు, లక్ష్మి పోతుంది. మనిషి ఊరికి బయల్దేరి గడప దాటగానే ఊడవకూడదు, కీడు. మా అత్తగారేమో మామగారు బయటికి అడుగుపెట్టడం ఆలస్యం, వాక్యూం క్లీనర్ మీట నొక్కుతారు. నేను లోపల హడలిపోతుంటాను. ఆయన క్షేమంగా రొట్టెలు కొనుక్కుని వస్తారు. వారం వారం నా శాస్త్రం ఇలా ఓడిపోతోంది.

ఆవిణ్ణి ఆపడానికి పిలుద్దామంటే అదో చిక్కు. ఇక్కడ అల్లుడు అత్తగారిని పేరు పెట్టి, ‘నువ్వు’ అని పిలవాలి. ఆవిడే మొదటిరోజు చెయ్యి కలిపి అలా పిలవమన్నారు. నా నోరు తిరగదు. దగ్గి, గిన్నె చప్పుడు చేసి, ఎదురుగా వెళ్లి నిలబడి నెట్టుకొస్తున్నాను. ఏళ్ల తరబడి పొరుగున ఉంటున్న కింది వాటావిడని మాత్రం అత్తగారు ఈనాటికీ ‘మీరు, శ్రీమతి ఫలానా’ అనే అంటారు. దూరం ఉంచవలసినవాళ్లని దగ్గరికీ, దగ్గరివాళ్లని దూరానికీ పెట్టారు అంటే మా ఆవిడ నవ్వుతుంది. ఆవిడ ఒక్కతే నవ్వుతుంది.

ఎందుకంటే ఆ కొలంబస్ జోకు నేను ఈ ఇంట్లో చెప్పాను. రాత్రి రొట్టె, జున్నుముక్కల భోజనం దగ్గర, జర్మన్‌లో, పొద్దుట్నుంచీ మనసులో సానబట్టుకుని. నేను ఓడ ఎక్కించేసరికి మామగారు ఊరగాయ దోసకాయ అడిగారు. అమెరికా చేరేసరికి అత్తగారు దయగా, సాయంగా, నా వాక్యం తనే పూర్తిచేశారు. తప్పుగా. చివరికి నేను దొరికిపోయిన ముక్క కూడా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. “1492! ఎంత చదువుతాడు ఈ అబ్బాయి!” అన్నారు అత్తగారు.

మా భీమవరంలో నేను నోరు విప్పితే నలుగురూ కుర్చీలు ఇటు జరుపుకునేవారు. ఈ ఇంట్లో నేను నెమ్మదస్తుణ్ణి. అత్తగారు ఫోన్లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను: మా అల్లుడు మంచివాడు, శాంతస్వభావి, మాటలు తక్కువ. ఆ మాట ప్రేమగానే అన్నారు. అలాంటివాడొకడు నా చొక్కా తొడుక్కుని, నా పళ్లెంలో రోజూ రొట్టె తింటున్నాడు. అందరికీ వాడంటే ఇష్టం. వాణ్ణి మా అమ్మ గుర్తుపట్టదు.

ఈమధ్య ఇంకో అనుమానం పట్టుకుంది. అత్తగారు మాట్లాడేది క్లాసులో నేర్పిన జర్మన్ కాదు, ఈ ప్రాంతపు స్వాబియా యాస. సగం మాటలు నోట్లోనే మింగేస్తారు. ఆవిడ మాట్లాడుతుంటే చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేను మర్యాదగా తలూపుతాను. ఇన్నాళ్లూ ఆవిడ నాతో కూడా జోకులే వేస్తున్నారేమో! ఆ బకెట్టు చప్పుడు సంగతి?

మా ఆవిణ్ణి అడిగాను. చాలాసేపు ఆలోచించి, “అమ్మ విషయంలో చెప్పడం కష్టం” అంది.

ఈలోగా నేనైతే ప్రతి మెట్టుకీ గట్టిగానే కొడుతున్నాను.