కాపలా బావికి తుప్పు

కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో పాతిపెడితే ఏ భయమూ లేదని నమ్మించడానికి కంపెనీలు ముందుగా చూపించేది నిఘా బావిని. "లోపల గ్యాసు ఇసుమంత కదిలినా మాకు తెలిసిపోతుందండీ" అంటారు. అమెరికాలో, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని డికేటర్‌లో నిజంగానే తెలిసింది. ఎందుకంటే లీకైంది ఆ నిఘా బావే. కంచే చేను మేసింది, మేసిన సంగతీ కంచే చెప్పింది. ఇంతకన్నా పారదర్శకత ఇంకెక్కడ దొరుకుతుంది?

అక్కడ ఏడీఎం కంపెనీ మొక్కజొన్న పులియబెట్టి ఇథనాల్ తీస్తుంది. అప్పుడు వచ్చే గ్యాసును 2011 నుంచి దాదాపు 7,000 అడుగుల లోతున మౌంట్ సైమన్ అనే ఇసుకరాతి పొరలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ పొర మీద షేల్ రాయి మూతలా పరుచుకుని ఉంది. నిఘా బావి కోసం ఆ మూతకు చిల్లు పొడిచింది భూకంపం కాదు, సాక్షాత్తూ ఇంజనీర్లే. మూత గట్టిగా ఉందో లేదో చూడాలి కదా మరి!

2024 మార్చిలో ఒక నిఘా బావి ఉక్కు గొట్టాన్ని సుమారు 5,000 అడుగుల లోతున తుప్పు తినేసిందని తేలింది. ద్రవరూపంలో ఉన్న గ్యాసు, ఉప్పునీరు కలిసి దాదాపు 8,000 టన్నులు అనుమతి లేని పొరలోకి పోయాయి. జులైలో ఇల్లినాయిస్ గవర్నర్ ప్రిట్జ్‌కర్ కార్బన్ నిల్వ చట్టం మీద సంతకం చేశారు. ఆగస్టులో పర్యావరణ సంస్థ ఈపీఏ కంపెనీకి నోటీసు పంపింది. లీకు సంగతి పత్రికల ద్వారా జనానికి తెలిసింది సెప్టెంబరులో. నేల మీద నీళ్లు తాగేవాళ్లు కదా, అడుగున జరిగే పెద్దల వ్యవహారాలు వాళ్లకెందుకు? వేల ఏళ్ల కాపలాకు పెట్టిన ఉక్కు పదిహేనేళ్లు కూడా నిలవకుండానే చేతులెత్తేసింది.

తాగునీటికి ఏమీ కాలేదని కంపెనీ అంది. అబద్ధమేమీ కాదు. తాగునీటి పొరలు అంతకన్నా చాలా పైన ఉన్నాయి. అయితే అప్పుడు నీళ్లను కాపాడింది మధ్యలో మిగిలిన రాయి మందమే గానీ, కంపెనీ వారి అప్రమత్తత కాదు.

ఆ రాయీ దాటితే ఏమవుతుంది? పొడి గ్యాసు ఉక్కును పెద్దగా ఏమీ చేయదు. నీళ్లు తగిలితేనే కార్బోనిక్ ఆమ్లంగా మారి గొట్టాన్ని కొరుకుతుంది. తాగునీటి పొరలో అది కొరికేది రాతిని. ఇనుము, మాంగనీసు, సీసం, ఆర్సెనిక్ లాంటివి, రాతిలో కదలకుండా పడున్నవి, నీళ్లలోకి దిగుతాయి. రాతిలోది నీళ్లలోకి దిగితే ఏమవుతుందో నల్లగొండ ఎముకలనడిగితే చెబుతాయి, అక్కడ దిగింది ఫ్లోరైడే అయినా. 2008లో మోంటానా రాష్ట్రం బోజ్‌మన్ దగ్గర శాస్త్రవేత్తలు దాదాపు 2 మీటర్ల లోతున కావాలనే గ్యాసు వదిలి చూశారు. ఏడు దగ్గరున్న పీహెచ్ ఆరు కిందకు జారింది, నీళ్లలో లోహాలు పెరిగాయి. తాగునీటి పరిమితులు మాత్రం దాటలేదు. ఈ చివరి వాక్యం ఒక్కటే బ్రోషర్లకు నచ్చుతుంది. ఆ పరీక్ష ఒక వేసవి ముచ్చట, నిల్వ మాత్రం శాశ్వతమట.

ఇక డబ్బు సంగతి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే గ్యాసును భూమిలో దాచితే అమెరికా ప్రభుత్వం టన్నుకు 85 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇస్తుంది. లీకైతే ఆ రాయితీ వెనక్కి లాక్కునే రూలూ ఉంది, దాని చూపు 3 ఏళ్ల వెనక్కే ఆనుతుంది. ఎక్కించడం ఆపేశాక కంపెనీ మామూలుగా 50 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అంత అక్కర్లేదని అధికారిని ఒప్పిస్తే అదీ తగ్గుతుంది. ఆ తర్వాతి కాపలా మన మునిమనవళ్లది. జీతం లేని ఉద్యోగం, రాజీనామాకు వీల్లేదు.

మధ్య ఇల్లినాయిస్‌లో 5 లక్షల మందికి పైగా మహోమెట్ అనే భూగర్భ జలపొర నీళ్లే తాగుతారు. వాళ్లు పోట్లాడి పోట్లాడి, 2025లో ఆ పొర ఉన్నచోట కార్బన్ నిల్వను నిషేధించే చట్టం తెచ్చుకున్నారు. మరి అంత క్షేమమైన దాన్ని నిషేధించడం ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

మన నీతి ఆయోగ్ కూడా ఈ సాంకేతికతకు ప్రోత్సాహకాలు ఇవ్వాలంటూ 2022లోనే నివేదిక రాసిపెట్టింది. కాబట్టి రేపు మీ ఊరికి డ్రిల్లింగ్ రిగ్గు, దాని వెనకాల ఉద్యోగాల కరపత్రం వస్తే, సభకు వెళ్లేముందు మీ బోరు నీళ్లు సీసాలో పట్టి ప్రభుత్వ ల్యాబుకు పంపండి. ఆర్సెనిక్, సీసం, మాంగనీసు, పీహెచ్ అన్నీ రాయించుకుని, ముద్ర వేయించుకుని ఆ కాగితం భద్రంగా దాచుకోండి. అది లేకపోతే పదేళ్ల తర్వాత మీరేం చూపించినా "ఇది మీ నేలలో మొదట్నుంచీ ఉన్నదేనండీ" అంటారు.