ఆ ఒక్క దినము ఎవరిది?

మన ఊళ్లలో ఇల్లు కొనువాడు, ‘నేటివరకు గల పన్నులు మేమే చెల్లించుకొనగలము’ అని అమ్మకందారుచేత దస్తావేజులో వ్రాయించుకొని, ఆ వాక్యమును వేదవాక్యముగా నమ్మి, పాలు పొంగించి, ఆ పొంగు చల్లారకముందే గుమ్మమెక్కిన మూడేండ్ల బకాయి నోటీసును చేతబట్టుకొని అమ్మినవాని ఇంటికి పరుగెత్తుట పరిపాటి. అందుచేత, టెక్సాసులో ఇల్లు కొనుచున్న మా అబ్బాయి, అచ్చట ఆస్తిపన్నును రోజుల లెక్కన పంచి అమ్మకందారు వాటాను అక్కడికక్కడే కొనువానికి జమకట్టుదురని చెప్పినప్పుడు, ముప్పదియేండ్లు ట్రెజరీలో పద్దులు దిద్దిన నా ప్రాణము లేచివచ్చెను.

అచ్చటి పన్ను సంవత్సరము జనవరి 1న మొదలగును. బిల్లు మాత్రము అక్టోబరు ప్రాంతమున గాని రాదు. కట్టుటకు మరుసటి జనవరి 31 వరకు గడువు. నడుమ ఇల్లు చేతులు మారినచో ఆ బిల్లు కొన్నవాని నెత్తినే పడును గనుక ఈ పంపకము. ఈ ఏటి బిల్లు ఇంకను పుట్టలేదు గావున నిరుటి బిల్లే ప్రమాణము: 7,300 డాలర్లు, రోజుకు సరిగా 20. క్లోజింగు, అనగా సంతకములై ఇల్లు చేతులు మారు దినము, జూన్ 10న. జూన్ 9 వరకు 160 రోజులు. అమ్మినవాని వాటా 3,200.

ఇచ్చటనే నాకు చిక్కు తోచెను. జూన్ 10 ఎవరిది?

ఒప్పందములో ‘క్లోజింగు తేదీ వరకు’ అని యున్నదని మావాడు తెలుగుచేసి చెప్పెను. ఈ ‘వరకు’ అను మాటను నేను బాల్యమునుండి ఎరుగుదును. సోమవారము వరకు సెలవనిన, సోమవారము బడికి పోవలెనో కూడదో తేల్చుకొనలేక బెత్తపుదెబ్బలు తిన్నవాడను.

సంతకముల బల్లయొద్ద, మావాడు నలుబదియవ కాగితముపై పేరు గిలుకుచుండగా, ఆ సంతకములు చేయించు ఎస్క్రో ఆఫీసరమ్మకు తిథినిర్ణయము వివరించితిని. సూర్యోదయమునకున్న తిథియే ఆనాటి తిథి యగునట్లు, సూర్యోదయమునకు ఇల్లెవరిదో ఆ దినపు పన్ను వారిదే. ఉదయము 10 గంటలకు గదా మేము సంతకములకు కూర్చున్నది! ఆమె మందహాసముతో, ఆదాయపు పన్ను చట్టమున అమ్మకపు దినము కొన్నవారిదేనని సెలవిచ్చెను. సూర్యుని లెక్కచేయని చట్టముతో వాదమేమి? నా భార్య నా కండువా కొస పట్టి లాగెను.

‘‘నాన్నా, ఇరవై డాలర్ల కోసం సూర్యోదయాలెందుకు, వదిలెయ్యి’’ అనెను మావాడు. వదలితిని; కాని ఇంటికి పోవు దారి పొడవునా మాటాడలేదు.

ఆ శరత్కాలమున అసలు బిల్లు వచ్చెను: 8,030 డాలర్లు. రోజుకు 22! నేను ఒక్క దినమునకై సూర్యుని సాక్ష్యమునకు పిలుచుచుండగా, 160 దినములకు రెండేసి డాలర్ల చొప్పున 320 నా కన్నుల యెదుటనే జారిపోయినవి. ట్రెజరీలో నా క్రింది గుమాస్తా ఇట్టి పొరపాటు చేసియుండినచో ఏమనియుందునో వ్రాయుట మర్యాద కాదు.

తేడా వచ్చినచో సర్దుకొనవలెనని ఒప్పందములోనే ఉన్నదట. మావాడు 320 కొరకు వ్రాసెను. పది దినములలో ముఖమెరుగని ఆ అమ్మకందారునుండి చెక్కు వచ్చెను: 342 డాలర్లు. కాగితము తీసి లెక్క వేసి చూచితిని: 161 రోజులు.