మూడంగుళాలు

నాన్న ముప్ఫై ఏళ్ళు లారీ తోలాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే ఘాట్ రోడ్డులో ఏ మలుపుకి ఏ గేరు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే ఓ నవంబరులో డెన్వర్‌లో 2001 నాటి టయోటా టకోమా కొన్నప్పుడు, ముందు ఆయనకే ఫోన్ చేశాను.

"ఇన్నాళ్ళకి బండి కొన్నావురా" అన్నాడు. అంతకుముందు కొన్న రెండు కార్లకీ ఆ మాట అనలేదు.

"వెనకాల కమాన్ పట్టీలే నాన్నా, మన లారీకున్నట్టే. ముందు మాత్రం చుట్టల స్ప్రింగులు. నువ్వొచ్చాక కొండ మీదికి తీసుకెళ్తాను. సినమన్ పాస్ అని, 12,640 అడుగులు. లేక్ సిటీలో ఎక్కితే సిల్వర్టన్ వైపు దిగుతాం. తారుండదు, అంతా రాళ్ళ దారి. అప్పట్లో వెండి గనులవాళ్ళు తిరిగిన దారులవి. అవతలివైపు యానిమస్ ఫోర్క్స్ అని, వాళ్ళు వదిలేసిపోయిన ఊరు కూడా ఉంది."

"సినమనంటే?"

"దాల్చినచెక్క."

"దాల్చినచెక్క కనుమ" అని రెండుసార్లు తనలో తను అనుకున్నాడు. తర్వాత, "ఎక్కడానికి ఎంత ఎత్తుంటుంది?" అన్నాడు. కొండ సంగతేమోనని మళ్ళీ చెప్పబోయాను.

"కొండ కాదురా. బండి. నేల నుంచి కేబిన్ దాకా."

టేపు పెట్టి కొలిచాను. 21 అంగుళాలు.

"పట్టుకోడానికి?"

"లోపల పిడి ఉంది."

"సరే" అన్నాడు. డ్రైవరు కదా, అన్నీ అడిగి తెలుసుకుంటాడనుకున్నాను.

ఆ చలికాలమంతా బండి ఎత్తు పెంచే కిట్టు ఎంచుకోవడంలోనే గడిచింది. ఆదివారం వస్తే నాన్నకి ఫోన్ చేసి అదే మాట్లాడేవాణ్ణి. పాత స్ప్రింగుల మీద దిమ్మల్లాంటివి పెట్టి ఎత్తు పెంచే చవక కిట్లున్నాయి. బండి లేచినట్టు కనిపిస్తుందిగానీ, కింద పనిచేసేవి ఇరవై ఏళ్ళు మోసి జారిపోయిన ఆ స్ప్రింగులే. కేబిన్‌నీ వెనకాల తొట్టినీ మాత్రం ఛాసిస్ మీద పైకి లేపే పద్ధతి ఇంకోటి. దానివల్ల బండి కింద రాయికి ఒక్క వెంట్రుకవాసి కూడా అదనంగా చోటు రాదు. ఇక నాలుగు, ఆరు అంగుళాలు లేపాలంటే ముందు చక్రాలను తిప్పే ఇరుసులు బాగా వాలిపోతాయి. వాటి రబ్బరు తొడుగులు చిరక్కుండా ఉండాలంటే కింది సామానంతా మార్చాలి. వయసు మళ్ళిన బండికి అంత శిక్ష నాకిష్టం లేకపోయింది. రెండున్నర అంగుళాలు చాలనుకుని ఓల్డ్ మ్యాన్ ఈము అనే ఆస్ట్రేలియా తయారీ కిట్టు తీసుకున్నాను. ముందుకి కొత్త స్ప్రింగులు, షాకులు. వెనక్కి కొత్త కమాన్ పట్టీలు.

"పట్టీలు మొత్తం సెట్టు మార్చు. పాతవాటి మధ్య కొత్తది ఒకటి దూరిస్తే బరువంతా దానిమీదే పడుద్ది" అని నాన్న కూడా అన్నాడు.

టైర్ల దగ్గరే ఎక్కువ రోజులు ఆగాం. కిట్టు ఎంత పెద్దదైనా వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్‌ని పైకి లేపదు. అది లేవాలంటే టైరే పెద్దది కావాలి. నా బండికున్నవి 265/70 ఆర్16. వాటి బదులు 265/75 ఆర్16 వేస్తే టైరు ఎత్తు అంగుళం పెరుగుతుంది, ఇరుసు అరంగుళం లేస్తుంది. మీటరులో 60 మైళ్ళు చూపిస్తున్నప్పుడు నిజానికి 62లో పోతుంటాం. ఇంకా పెద్దవి వేస్తే మలుపుల్లో లోపల రాసుకుంటాయి.

"ఎన్ని ప్లై?" అన్నాడు నాన్న.

10 ప్లైకి సమానమైనవి తీసుకుందామనుకుంటున్నానని చెప్పాను.

"లోడు లేని బండికి అంత గట్టి టైరెందుకురా? రాళ్ళ మీద ఒళ్ళు హూనమైపోద్ది. మెత్తది చూడు."

ఆయన మాట ప్రకారమే తేలికైనవి వేయించాను. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ సలహా నాకు దొరికేది కాదు.

జూన్ మొదటివారంలో పని పూర్తయింది. చక్రాల అలైన్‌మెంటు చేయించి ఇంటికి తెచ్చి, చీకటి పడేలోపే ఫోన్ చేశాను. కిట్టుతో రెండున్నర, టైర్లతో అర. "మొత్తం మూడంగుళాలు లేచింది నాన్నా!"

కాసేపు మాట లేదు.

"మూడంటే ఒక ఇటుక" అన్నాడు. "పక్కన మెట్టేమైనా బిగించావా?"

"లేదు. మెట్టు గొట్టాలు పెడితే రాళ్ళకి తగుల్తాయి."

"అవును, నిజమే" అన్నాడు.

వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి నడుం పట్టేసిందట, జూలైలో రాలేడట. టికెట్టు సెప్టెంబరుకి మార్చాను.

సెప్టెంబరులో వచ్చాడు. వచ్చిన సాయంత్రమే బండి చుట్టూ తిరిగాడు. వెనకాల మెల్లగా వంగి కమాన్ పట్టీలమీద చెయ్యి వేసి నిమిరాడు. టైరుని అరచేత్తో చరిచి చూశాడు. "బాగా కట్టావు" అన్నాడు. తలుపు తీశాను. లోపలికి చూసి, "రేపు చూద్దాంలే" అన్నాడు.

శనివారం తెల్లవారుజామున ఫ్లాస్కులో టీ పోసుకుని, పులిహోర కట్టించుకుని లేపితే, "నాకు కొండలు కొత్తేంట్రా? నువ్వెళ్ళిరా. నేను మనవరాలితో ఉంటాను" అన్నాడు. రెండుసార్లు బతిమాలాను. మూడోసారి నా నోరు జారింది. "ఇదంతా ఎవరికోసం చేశాననుకున్నావు?" అన్నాను. ఆయన కిటికీలోంచి బండి వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఒక్కణ్ణే వెళ్ళాను. దారి పొడవునా ఆస్పెన్ చెట్లు పసుపు తిరిగి ఉన్నాయి. పై దాకా నాకు ముందు పాకినవి రెండు టకోమాలు. రెండూ నా బండి వయసువే. రెండూ కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉన్నాయి. ఎక్కడా ఆగకుండా ఎక్కేశాయి. కనుమ మీద ఫోటో తీసి, కిందికి దిగి సిగ్నల్ అందాక పంపాను. "బాగుంది" అని జవాబు పెట్టాడు. ఆయన వెళ్ళేదాకా మా ఇద్దరి మధ్యా బండి ఊసు రాలేదు. ఎక్కడికెళ్ళినా నా భార్య కారులోనే తిరిగాడు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. నాన్న కొట్టుకెళ్ళాడు. పెరట్లో వేపచెట్టు కింద ఇటుకలు అరుగులా పేర్చి ఉన్నాయి. పైన కొమ్మకి ముడులేసిన తాడు వేలాడుతోంది.

"ఇదేంటమ్మా?"

"నీ బండెక్కడం నేర్చుకోడానికిరా. మోకాలు వంగదు కదా ఆయనకి. నువ్వు ఎత్తు చెప్పిన మర్నాడే పేర్చుకున్నాడు. పొద్దున్నే లేచి తాడట్టుకుని పదిసార్లు ఎక్కడం, పదిసార్లు దిగడం. శివరాత్రి నాటికి తాడొదిలేసి ఎక్కేశాడు. నన్ను పిలిచి చూపించాడు కూడా."

వంగి వరసలు లెక్కపెట్టాను. ఎనిమిది.

"ఏడే ఉండేవిరా" అంది అమ్మ. "జూన్‌లో నువ్వు మళ్ళీ ఫోన్ చేశాక ఇంకో వరస పెట్టాడు. ఆ రోజే పడ్డాడు."