లక్ష మందిని చూసిన రీలు

నా ఒంటి మీది బొమ్మల్ని సెకనుకు 24 చొప్పున నడిపిస్తే మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియం మీ కళ్ల ముందు కదులుతుంది. 1971 సెప్టెంబర్ 5. చుట్టూ దాదాపు 1,10,000 మంది జనం. మధ్యలో మెక్సికో, డెన్మార్క్ ఆడపిల్లలు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనల్ ఆడుతున్నారు. డెన్మార్క్ 3-0తో గెలిచింది. మూడు గోల్సూ కొట్టింది సుసానే అగుస్టెసెన్, పదిహేనేళ్ల పిల్ల. నేను ఫిల్మ్ రీలుని. ఆ పోటీలప్పుడు కెమెరాలో తిరిగినదాన్ని.

తర్వాత దాదాపు యాభై ఏళ్లు నన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఆ పోటీలకు గుర్తింపు ఇవ్వలేదు మరి. ఆడవాళ్ల ఫుట్‌బాల్ అంటే పెద్దలకున్న ఆ విముఖత అప్పుడు పుట్టింది కాదు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఆడవాళ్ల మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వొద్దని తీర్మానించింది. జనం రాకపోవడం వల్ల కాదు, అంతమంది వచ్చాక ఆపేశారు. ఆ నిషేధం దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది.

డబ్బాలో పడి ఉండటం మాలాంటి వాళ్లకు ప్రాణాంతకం. వేడికీ తేమకూ మా ఎసిటేట్ పొర కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. రంగులు ఒక్కొక్కటే వెలిసిపోతాయి. తీసి చూసేవాళ్లు లేకపోతే మాతోపాటు మాలో ఉన్న మనుషులూ పోతారు. 13 ఏళ్ల లియా కేలబ్ ఇంగ్లండ్ తరఫున ఆడిందని నమ్మించడానికి సాక్ష్యం ఏది? ఆ జట్టును మెక్సికోకు తీసుకెళ్లిన హ్యారీ బాట్‌నూ, ఆడిన పిల్లల్నీ ఇంటికి తిరిగొచ్చాక శిక్షించారు. చాలామంది ఏళ్ల తరబడి ఆ ఊసే ఎత్తలేదు.

అర్జెంటీనా పిల్లలకైతే వెంట కోచ్ కూడా లేడు. అయినా ఆగస్టు 21న ఇంగ్లండ్‌ను 4-1తో ఓడించారు. నాలుగు గోల్సూ ఎల్బా సెల్వావే. ఇప్పుడు అర్జెంటీనాలో ఆ తేదీని మహిళా ఫుట్‌బాలర్ల దినంగా జరుపుకుంటున్నారు.

2023లో రేచల్ రామ్సే, జేమ్స్ ఎర్స్‌కిన్ తీసిన ‘కోపా 71’ డాక్యుమెంటరీ టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శితమైంది. అందులో మొదట అమెరికా క్రీడాకారిణి బ్రాండీ చాస్టెయిన్‌కు మా బొమ్మలు చూపిస్తారు. 1999 ప్రపంచ కప్పు గెలిచిన మనిషి, ఆడవాళ్ల ఆటను అంత దగ్గరగా ఎరిగిన మనిషి. ఆమెకే ఈ సంగతి తెలియదు! ఆ ముఖంలోని ఆశ్చర్యం చూస్తుంటే నాకు బాధ కలిగింది, కోపమూ వచ్చింది.

నా గురించి ఒక మాట చెప్పాలి. నన్ను తిప్పిన కెమెరా మగవాళ్ల కంటితోనే చూసింది. గోల్ స్తంభాలకు గులాబీ, తెలుపు రంగు పట్టీలు వేశారు. ఆటకన్నా అందానికే జనం వస్తారని నిర్వాహకుల లెక్క. కెమెరా కూడా బంతిని వదిలేసి జుట్టు మీదికీ కాళ్ల మీదికీ పోయేది. నా దగ్గరున్నది ఆ చూపే. నన్ను ఒక్కదాన్నే వేసి చూపిస్తే ఆ పిల్లలు మళ్లీ వింత వస్తువులుగానే మిగిలేవారు. డాక్యుమెంటరీలో నా బొమ్మ పక్కనే ఆ బొమ్మలోని మనిషి వచ్చి కూర్చుంది, వయసు మీద పడి, ముఖంలో ముడతలతో. ఇటలీ కెప్టెన్ ఎలెనా స్కియావో ఇటాలియన్‌లో, మెక్సికో ఆటగత్తె సిల్వియా సరగోసా స్పానిష్‌లో, ఇంకా డేనిష్‌లో, ఫ్రెంచ్‌లో, ఇంగ్లిష్‌లో ఎవరి ఆట వాళ్లే చెప్పుకున్నారు. అప్పటిదాకా నేను చూపిస్తూ వచ్చిన పరుగు ఎందుకు పరిగెత్తారో వాళ్ల నోటనే విన్నాను. ఫైనల్‌కు ముందు మెక్సికో జట్టు డబ్బు అడిగిందని అప్పట్లో వాళ్లను నిందించారు. స్టేడియం నిండా టికెట్లు అమ్ముకున్నవాళ్లను కాదు, ఆడి చెమటోడ్చినవాళ్లను! ఆ న్యాయమైన కోరిక కూడా ఆడినవాళ్లు చెబితేనే అర్థమవుతుంది.

నాలో లేనివాళ్లు కూడా ఉన్నారు. మెక్సికో, అర్జెంటీనా, డెన్మార్క్, ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్: జట్లు ఆరే. ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి ఒక్కటీ లేదు. అర్జెంటీనా పక్కనున్న బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద నిషేధమే. వాళ్ల ముఖాలు నేను చూపించలేను. వాళ్ల కథలు వేరే డబ్బాల్లో వెతకాల్సిందే, కుళ్లిపోకముందే.

ఫిఫా లెక్కలో మహిళల ప్రపంచ కప్పు 1991లో చైనాలో మొదలవుతుంది. ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు అత్యధిక ప్రేక్షకులంటే 2022లో బార్సిలోనా క్యాంప్ నౌలో వచ్చిన 91,648 మందినే చెబుతున్నారు. అజ్టెకాలో అంతకన్నా ఎక్కువ మంది కూర్చున్నారు. నేను చూశాను. ఆ రోజును రికార్డు పుస్తకంలో చేర్చండి.