రిజిస్ట్రీకి చీపురు

నిన్న కొన్న కంప్యూటరైనా సరే, ఉచిత క్లీనర్‌తో స్కాన్ చేస్తే చాలు, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో వందలకొద్దీ ‘లోపాలు’ ఎర్రక్షరాల్లో ప్రత్యక్షం! చూపించడం ఉచితమే, తుడవాలంటే మాత్రం చాలావాటిలో కార్డు నంబరు కొట్టాలి. తుడిచినా వేగం పెద్దగా పెరగదు. పనికొచ్చేది పోయిందో, విండోస్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. ఇలాంటి క్లీనర్లకు తమ మద్దతు లేదని మైక్రోసాఫ్టే చెప్పేసింది (ఒకప్పుడు రెగ్‌క్లీన్ పేరుతో తనే ఒకటి వదిలి, వెనక్కి తీసుకుందిలెండి). 2017లోనైతే హ్యాకర్లు సీక్లీనర్ అనే క్లీనర్ 5.33 వెర్షన్‌లోనే మాల్‌వేర్ దూర్చారు. చీపురులోనే చెత్త!

అయినా చెయ్యి ఊరుకోదంటారా? ముందు రిస్టోర్ పాయింట్ పెట్టి, రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని, ‘అన్నీ సరిచెయ్’ బటన్ జోలికెళ్లకుండా ఒక్కొక్కటీ చదివి తుడవండి. చదివితే అర్థమవుతుందా అంటే, అర్థమయ్యేవాళ్లు ఆ క్లీనర్ వేసుకోరుగా!